నాడీసంకేతానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు?

(తిరుపతిలో వైద్య విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయులు, ఆసక్తి గల పౌరుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. మెదడు గురించి మాట్లాడమని పిలిచినప్పుడు వక్తలు సాధారణంగా జ్ఞాపకశక్తితోనో, కలలతోనో మొదలుపెడతారు. నేను ఈ సాయంత్రం జమాఖర్చులతో మొదలుపెట్టదలచుకున్నాను. ఒక నాడీకణం పక్క కణానికి ఒక్క సంకేతం అందించాలన్నా శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది, ఏ పనికి ఎంత పోతుంది, కొరత వచ్చినప్పుడు పక్కనున్న కణాలు ఏ మేరకు ఆదుకుంటాయి అన్న ప్రశ్నల వెంట పడి వెళ్ళినవారే మెదడులో నాడీకణాలు తప్ప మిగిలిన కణాల విలువ ఏమిటో మనకు తెలియజెప్పారు. అందుచేత ఇది చిల్లర విషయమేమీ కాదు.

మొదట స్థూలమైన లెక్క చూద్దాం. పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, అంటే శరీర బరువులో దాదాపు 2 శాతం. విశ్రాంతిగా ఉన్న శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం 20 శాతం దాకా దీనికే పోతుంది. నూరు గ్రాముల మెదడు కణజాలం నిమిషానికి సుమారు 5.5 మిల్లీగ్రాముల గ్లూకోజ్ తీసుకుంటుంది. ఈ అంకెను 14తోనూ, ఆపైన రోజులో ఉన్న 1,440 నిమిషాలతోనూ హెచ్చవేస్తే 110 గ్రాములు తేలుతుంది. మన భోజనంలోకి మార్చి చెప్పాలంటే 130 గ్రాముల బియ్యంలో ఉండే పిండిపదార్థం రోజూ ఒక్క మెదడుకే కావాలి. అదే శక్తిని వాట్లలో చెబితే 20కి అటూ ఇటూగా వస్తుంది. ఇంత ఇంధనాన్ని మోసుకురావడానికి గుండె నిమిషానికి సుమారు 700 మిల్లీలీటర్ల రక్తాన్ని తలకు పంపుతుంది. మెదడుకు వెళ్ళే ధమనిలోని రక్తాన్నీ, మెదడు నుంచి తిరిగి వచ్చే సిరలోని రక్తాన్నీ పక్కపక్కన పరీక్షిస్తే, డెసిలీటరుకు 10 మిల్లీగ్రాముల మేర గ్లూకోజ్ తగ్గి ఉంటుంది. అంతే తేడా. అయితే ఆ ప్రవాహం ఆగిపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది.

మనిషి మెదడుకు ఎంత రక్తం వెళుతోందో కొలవడానికి నమ్మదగిన పద్ధతిని 1940వ దశకంలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు నైట్రస్ ఆక్సైడ్ వాయువు సాయంతో రూపొందించారు. ఆ పద్ధతినే ఉపయోగించి 1955లో లూయీ సొకొలాఫ్ బృందం ఒక చిన్న పరీక్ష చేసింది. మనుషులను పడుకోబెట్టి మనసులోనే లెక్కలు చేయమని, ఆ సమయంలో మెదడు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచారు. ఏమీ పెరగలేదు. పరీక్షల కాలంలో పిల్లలకు మెదడు కోసమని రెండు ముద్దలు ఎక్కువ తినిపించే తల్లులకు ఈ ఫలితం అంతగా రుచించకపోవచ్చు. వాస్తవమేమిటంటే, మనం ఊరికే కూర్చున్నామని అనుకుంటున్నప్పుడు కూడా మెదడు ఊరికే కూర్చోదు. ఏదో ఒక చోట పని పెరిగినా, మొత్తం ఖర్చు ముందు అది కొద్దిపాటి పెరుగుదలే. అందువల్ల ఆ ఖర్చు దేనికోసమో తెలియాలంటే మొత్తం మెదడును కొలిచి లాభం లేదు, ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోటు, అంటే ఒక్కో నాడీసంధి దాకా దిగి చూడాలి.

అంతకు ముందు శక్తిని కణం ఏ రూపంలో ఖర్చుపెడుతుందో చెప్పాలి. ఆ రూపం పేరు ఏటీపీ. ఈ అణువు కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కు వెళ్ళి, సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి వారిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతిని బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతోనే ఇక్కడి విద్యార్థులూ చదువుకుంటున్నారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని వారు గుర్తించగలిగారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

కండరంలో దొరికిన ఆ రెండు పదార్థాలూ మెదడులోనూ ఉన్నాయి. వాటి మధ్య సంబంధం మన విషయానికి చాలా ముఖ్యం. కణంలో ఏటీపీ నిల్వ బహు స్వల్పం, కొత్తది తయారుకాకపోతే కొద్ది సెకన్లకు మించి రాదు. ఒక్కసారిగా ఖర్చు మీద పడ్డప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన దగ్గరున్న ఫాస్ఫేటును ఇచ్చి ఏటీపీని నిలబెడుతుంది. పొరుగింటి చేబదులు లాంటిదన్నమాట, గండం గట్టెక్కిస్తుంది గానీ సంసారం నడపదు. సంసారం నడవాలంటే గ్లూకోజ్ రావాలి, ఆక్సిజన్ రావాలి. ఒక గ్లూకోజ్ అణువును కణద్రవంలో లాక్టేట్ అనే సగం కాలిన పదార్థం దాకా విరిచి వదిలేస్తే మిగిలేది 2 ఏటీపీలు, దాన్నే కణం లోపలి కొలిముల్లాంటి మైటోకాండ్రియాలో పూర్తిగా దహిస్తే సుమారు 30 ఏటీపీలు. ఈ రెండంకెలూ గుర్తుంచుకోండి, తరువాత వచ్చే వివాదమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు నాడీసంధి దగ్గరకు వద్దాం. సంకేతం విద్యుత్ తరంగంగా నాడీకణపు తంతువు వెంట వచ్చి కొసను చేరుతుంది. అక్కడ కాల్షియం లోపలికి వస్తుంది, గ్లుటమేట్ అనే రసాయనం నింపుకున్న సూక్ష్మమైన తిత్తి ఒకటి పొరకు అతుక్కుని విచ్చుకుంటుంది, అందులోని సుమారు 4,000 గ్లుటమేట్ అణువులు సన్నని సందులోకి చిమ్ముకుని అవతలి కణం మీదున్న గ్రాహకాలను తాకుతాయి. గ్రాహకాల ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి ప్రవహిస్తుంది. సంకేతం అందింది. చూడండి, ఇంతవరకూ జరిగిన వాటిలో చాలావరకు వాలులో నీళ్ళు పారినట్టు వాటంతట అవే జరిగినవే. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. లోపలికి వచ్చిన సోడియంను బయటికి తోడాలి, పోయిన పొటాషియంను వెనక్కి తేవాలి, కాల్షియంను గెంటెయ్యాలి, సందులో మిగిలిన గ్లుటమేట్‌ను ఊడ్చి తీసి, మళ్ళీ తయారుచేసి, తిత్తుల్లో నింపాలి. సోడియంను తోడే పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూ 1957లో పీత నరాల మీద పరిశోధిస్తూ కనుగొన్నాడు. ఒక్కో ఏటీపీకి 3 సోడియం అయాన్లను బయటికి పంపి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే ఈ పంపుకు గాను ఆయనకు 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ పనులకు విడివిడిగా ఎంతెంత పడుతుందో 2001లో డేవిడ్ ఆట్‌వెల్, సైమన్ లాఫ్‌లిన్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు ఎలుక మెదడుకు లెక్కగట్టారు. ఒక్క తిత్తి విడుదలైతే మొత్తం ఖర్చు సుమారు 1,64,000 ఏటీపీ అణువులు. అందులో సంకేతం పంపిన వైపు కాల్షియంను తోడడానికి 12,000, గ్లుటమేట్‌ను తిరిగి సేకరించి నింపడానికి 11,000, తిత్తిని విప్పి మూయడానికి కొన్ని వందలు మాత్రమే. మిగిలిన 1,40,000 సంకేతం అందుకున్న కణం తనలోకి వచ్చిన అయాన్లను బయటికి పంపడానికే ఖర్చుపెడుతుంది. అంటే చెప్పినవాడికన్నా విన్నవాడికి ఐదు రెట్లకు పైగా ఖర్చు. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. తరువాత 2012లో ఆట్‌వెల్ బృందమే సవరించిన అంచనా ప్రకారం సంకేతాలకు అయ్యే మొత్తం శక్తిలో సుమారు సగం అందుకున్న వైపు గ్రాహకాల పద్దులోకి, ఐదోవంతు విద్యుత్ తరంగాల పద్దులోకి, మరో ఐదోవంతు కణాన్ని సిద్ధస్థితిలో ఉంచే పద్దులోకి వెళతాయి.

ఈ పద్దులు చూసిన తరువాత మరో పాత చిక్కు కూడా కొంత విడుతుంది. తంతువు కొసకు సంకేతం వచ్చిన ప్రతిసారీ తిత్తి విడుదల కాదు, చాలా నాడీసంధుల్లో నాలుగింట మూడుసార్లు ఏమీ జరగదు. దీన్ని చాలాకాలం యంత్రంలోని లోపంగా చూశారు. కానీ ఒకే నాడీకణం మీద వేల కొసలు వచ్చి చేరుతుంటే, అవన్నీ మోసుకొచ్చే సమాచారంలో చెప్పిందే చెప్పడం ఎక్కువగా ఉంటే, ప్రతి కొసా ప్రతిసారీ అవతలి కణం మీద లక్షన్నర ఏటీపీల భారం మోపడం దుబారా అవుతుంది. ఆ నిర్లిప్తత పొదుపు కావచ్చునని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. నేనూ అటువైపే మొగ్గుతాను.

ఇక గ్లుటమేట్‌ను ఊడ్చే పని సంగతి. ఇది మొత్తం ఖర్చులో చిన్న భాగమే గానీ మన ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఈ పని చేసేది ప్రధానంగా నాడీకణం కాదు, పక్కనే అల్లుకుని ఉండే ఆస్ట్రోసైట్ అనే కణం. నక్షత్రంలా కొమ్మలు చాచిన ఈ కణం తన సన్నని అంచులతో నాడీసంధులను చుట్టి ఉంటుంది, మరో వైపు పాదాల వంటి కొసలను కేశనాళికల మీద ఆనించి ఉంటుంది. మనిషి మెదడులో ఒక్క ఆస్ట్రోసైట్ పరిధిలో కొన్ని లక్షల నాడీసంధులు, ఒక్కోచోట 20 లక్షల దాకా ఉండవచ్చునని అంచనా. గ్లుటమేట్‌ను అది ఊరికే పీల్చుకోలేదు. ఒక్కో గ్లుటమేట్ అణువుతో పాటు 3 సోడియం అయాన్లు లోపలికి వస్తాయి. వాటిని తోడడానికి 1 ఏటీపీ, గ్లుటమేట్‌ను హాని చేయని గ్లుటమీన్‌గా మార్చడానికి మరో 1 ఏటీపీ. ఆ గ్లుటమీన్‌ను నాడీకణానికి తిరిగి ఇస్తే, అది మళ్ళీ గ్లుటమేట్‌గా మార్చుకుంటుంది. నాడీకణం చేసిన పనికి ఖర్చులో కొంత ఆస్ట్రోసైట్ పెట్టుకుంటోందన్నమాట.

1994లో స్విట్జర్లాండ్‌కు చెందిన లూక్ పెలెరాన్, పియేర్ మజిస్ట్రెట్టి ఒక అడుగు ముందుకు వేశారు. ప్రయోగశాలలో పెంచిన ఆస్ట్రోసైట్లకు గ్లుటమేట్ అందిస్తే అవి గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకుని, ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా దాన్ని పూర్తిగా దహించకుండా లాక్టేట్‌గా మార్చి బయటికి వదులుతున్నాయని వారు చూపించారు. ఆ లాక్టేట్‌ను నాడీకణాలు తీసుకుని తమ మైటోకాండ్రియాలో దహించుకుంటాయని వారి ప్రతిపాదన. ఇందాక గుర్తుంచుకోమన్న అంకెలను ఇప్పుడు పట్టుకోండి. ఒక గ్లూకోజ్‌ను లాక్టేట్ దాకా విరిస్తే 2 ఏటీపీలు, ఒక గ్లుటమేట్‌ను ఊడ్చి గ్లుటమీన్ చేయడానికి 2 ఏటీపీలు. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. తన ఖర్చుకు సరిపడా చిన్న భాగం ఉంచుకుని, పెద్ద భాగాన్ని ఆస్ట్రోసైట్ నాడీకణానికి అందిస్తోందని ఈ సిద్ధాంతం చెబుతుంది. ఎంత అందంగా ఉందంటే, అందులోని అందమే నన్ను మొదటి నుంచీ కొంత అనుమానపడేలా చేసింది. అంకెలు సరిపోవడం సాక్ష్యం కాదు.

అయితే సాక్ష్యాలు లేకపోలేదు. 1988లోనే అవీటల్ షుర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుక మెదడు ముక్కలకు గ్లూకోజ్ తీసేసి లాక్టేట్ మాత్రమే ఇచ్చినా నాడీసంధులు పనిచేస్తున్నాయని చూపించారు. అదే సంవత్సరం పీటర్ ఫాక్స్, మార్కస్ రైకెల్ మనుషుల్లో దృష్టికి సంబంధించిన మెదడు భాగాన్ని ప్రేరేపించి కొలిస్తే, అక్కడ రక్తప్రవాహమూ గ్లూకోజ్ వాడకమూ 50 శాతం చొప్పున పెరిగాయి, ఆక్సిజన్ వాడకం మాత్రం 5 శాతమే పెరిగింది. అంటే పని పెరిగిన వేళ గ్లూకోజ్‌లో కొంత పూర్తిగా దహనం కావడం లేదు. స్కానింగ్ కేంద్రాల్లో మెదడులో పనిచేస్తున్న చోటు వెలుగుతున్నట్టు చూపే ఎంఆర్ఐ పద్ధతి ఈ తేడా మీదే ఆధారపడింది. వాడుకున్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ వచ్చి పడుతుంది కాబట్టి అక్కడి సిరల రక్తంలో ఆక్సిజన్ మిగిలిపోతుంది, యంత్రం దాన్ని పట్టుకుంటుంది. ఈ సూత్రాన్ని 1990లో సేజీ ఒగావా నిరూపించాడు.

పంపకం జరుగుతోందని చెప్పే ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2008లో నతాలీ రువాష్, క్రిస్టియన్ జియూమ్ బృందం పారిస్‌లో చేసినది. ఆస్ట్రోసైట్లు ఒకదానికొకటి సన్నని ప్రోటీన్ గొట్టాలతో కలిసి ఉంటాయి. ఆ గొట్టాల గుండా చిన్న అణువులు కణం నుంచి కణానికి నడిచిపోగలవు. చిట్టెలుక మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగపు ముక్కను గ్లూకోజ్ లేని ద్రవంలో ఉంచితే నాడీసంధుల సంకేతం క్రమంగా బలహీనపడుతుంది. అప్పుడు వారు ఒకే ఒక్క ఆస్ట్రోసైట్‌లోకి సన్నని గాజు పిపెట్‌ను దించి, దాని ద్వారా గ్లూకోజ్‌ను లోపలికి ఎక్కించారు. చుట్టూ ఉన్న ద్రవంలో గ్లూకోజ్ లేదు. నాడీకణాలకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా సమీపంలోని నాడీసంధుల సంకేతం నిలబడింది. లాక్టేట్ ఎక్కించినా నిలబడింది. ఆ గొట్టాలను తయారుచేసే జన్యువులను తీసేసిన చిట్టెలుకల్లో మాత్రం ఇదే ఉపాయం పారలేదు. ఒక కణానికి పెట్టిన అన్నం ఊరంతటికీ అందాలంటే ఇళ్ళ మధ్య దారి ఉండాలని ఈ ప్రయోగం తేల్చింది.

మరి వివాదం ఎక్కడుంది? నాడీకణాలకు గ్లూకోజ్‌ను నేరుగా తీసుకునే రవాణా ప్రోటీన్లు సొంతంగా ఉన్నాయి, అవి సమర్థమైనవి కూడా. అలాంటప్పుడు పక్కవారి లాక్టేట్ కోసం ఎదురుచూడవలసిన అవసరమేమిటని మొదటి నుంచీ ఒక వర్గం అడుగుతూనే ఉంది. 2017లో గ్యారీ యెల్లెన్ ప్రయోగశాల, నాడీకణాల లోపలి రసాయన స్థితిని కాంతి రూపంలో చూపే సెన్సర్లతో పరిశీలించి, నాడీకణం ప్రేరేపితమైన వెంటనే తన సొంత గ్లూకోజ్‌నే వేగంగా విరుస్తుందని, లాక్టేట్ ప్రవేశాన్ని అడ్డుకున్నా ఆ స్పందన ఆగదని చూపించింది. అంతకు ఒక్క ఏడాది ముందు, 2016లో, బ్రతికున్న చిట్టెలుకల్లో కొలిచిన మరో బృందం లాక్టేట్ మోతాదు ఆస్ట్రోసైట్లలో ఎక్కువగానూ నాడీకణాల్లో తక్కువగానూ ఉందని, అంటే అటు నుంచి ఇటు ప్రవహించే వాలు ఉందని ప్రకటించింది. రెండూ మంచి ప్రయోగాలే. వీటిలో ఒకటి తప్పు అయితే తప్ప రెండోది ఒప్పు కాదని నేను అనుకోను. మొదటి కొన్ని సెకన్లలో నాడీకణం ఎవరినీ అడగకుండా తన గ్లూకోజ్‌నే విరుస్తుంది, పని నిమిషాల తరబడి సాగినా, బయటి సరఫరా సన్నగిల్లినా పక్కవారి లాక్టేట్ విలువ పెరుగుతుంది. ఇది నా అభిప్రాయం. ఈ రంగంలో పనిచేసేవారిలో దీన్ని ఒప్పుకోనివారు రెండు వైపులా ఉన్నారు.

నాడీకణం కొసలో శక్తి ఎంత కటకటగా ఉంటుందో 2014లో విద్యా రంగరాజు, టిమొథీ రయన్ న్యూయార్క్‌లో చేసిన పని చూస్తే తెలుస్తుంది. మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన ప్రోటీన్‌కు వెలగడానికి ఏటీపీ కావాలి. దాన్ని తిత్తుల మీద అమర్చి, నాడీకణపు కొసలో ఏటీపీ ఎంత ఉందో వెలుగును బట్టి కొలిచారు. ఒక్కో కొసలో విశ్రాంతి వేళ పది లక్షల ఏటీపీ అణువులు ఉన్నాయి. పని మొదలైతే తయారీ కూడా వెంటనే పెరిగి ఆ మట్టాన్ని నిలబెడుతోంది. తయారీని ఆపేస్తే మొదట దెబ్బతిన్నది తిత్తిని విడుదల చేయడం కాదు, విడుదలైన తిత్తిని వెనక్కి తీసుకోవడం. ఇక్కడ కూడా చిమ్మడం కన్నా సర్దడమే కష్టమన్నమాట. ఆ ప్రయోగశాలే 2021లో ఇంకో సంగతి చెప్పింది. ఏ పనీ లేనప్పుడు కూడా తిత్తుల నుంచి ప్రోటాన్లు నిరంతరం కారుతుంటాయి, వాటిని లోపలికి తోడుతూ ఉండడానికే కొసలో గణనీయమైన శక్తి పోతుంది. ఊరికే కూర్చున్న మెదడు ఎందుకు తగ్గని ఖర్చు చూపుతుందో సొకొలాఫ్ కాలంలో తెలియని కారణాల్లో ఇది ఒకటి.

ఇంత ఖర్చున్న కణం కొంత నిల్వ పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కాలేయం, కండరం గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. మెదడులో కూడా కొద్దిగా ఉంది గానీ ఉన్నదంతా దాదాపు ఆస్ట్రోసైట్లలోనే. ఎలుకల మీద 2011లో క్రిస్టీనా అల్బెరీని బృందం చేసిన ప్రయోగంలో, హిప్పోక్యాంపస్‌లోని ఆ గ్లైకోజెన్ విరగకుండా మందుతో అడ్డుకుంటే, ఎలుకలు కొత్త పాఠాన్ని నేర్చుకోగలిగాయి గానీ ఎక్కువకాలం గుర్తుంచుకోలేకపోయాయి. అక్కడికే లాక్టేట్ అందిస్తే జ్ఞాపకం నిలిచింది. నాడీకణంలోనే గ్లైకోజెన్ పేరుకుంటే ఏమవుతుందో చెప్పడానికి లఫోరా వ్యాధి అనే విషాదకరమైన ఉదాహరణ ఉంది. సరిగా రూపుకట్టని గ్లైకోజెన్ ముద్దలు నాడీకణాల్లో చేరి, యవ్వనారంభంలో మూర్ఛలుగా మొదలై, కొన్నేళ్ళలో ప్రాణం తీసే జబ్బు ఇది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపభూయిష్ట జన్యువులు వస్తేనే కనబడుతుంది కనుక మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో ఇటువంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. మన ప్రాంతంలో ఈ మాట చెప్పకుండా దాటేయడం సరికాదు. నిల్వ నాడీకణానికి బలం కాదు, ప్రమాదం. అందుకే అది ఆ బాధ్యతను పొరుగు కణానికి వదిలేసినట్టుంది.

పొడవైన తంతువుల చుట్టూ కొవ్వు తొడుగు కట్టే ఒలిగోడెండ్రోసైట్లు కూడా ఆ తంతువులకు లాక్టేట్ అందిస్తాయని 2012లో రెండు బృందాలు చూపించాయి. దాని వివరాల్లోకి ఇప్పుడు వెళ్ళను.

లాక్టేట్‌ను కండరాలు అలిసినప్పుడు పుట్టే వ్యర్థంగానే మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అలిపిరి దగ్గర బయలుదేరి గాలిగోపురం దాకా నిలువుగా ఉన్న మెట్లను ఆగకుండా ఎక్కేవారి కాళ్ళ కండరాల నుంచి లాక్టేట్ రక్తంలోకి వస్తుంది. మామూలుగా మెదడు రక్తంలోని లాక్టేట్‌ను పెద్దగా పట్టించుకోదు. రక్తంలో దాని మట్టం పెరిగినప్పుడు మాత్రం తీసుకుని దహించి, ఆ మేరకు గ్లూకోజ్ వాడకాన్ని తగ్గించుకుంటుంది. ఎక్కడో తొడ కండరంలో సగం కాలిన ఇంధనం నాడీసంధుల దగ్గర పూర్తిగా కాలుతుంది. అయితే దీన్ని నమ్ముకుని మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారు పరగడుపున కొండ ఎక్కకూడదు. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగినప్పుడు వచ్చే చెమట, వణుకు, గుండెదడ శరీరం చేసే హెచ్చరిక. 54 కన్నా దిగిన తరువాత కనబడే మాట తడబాటు, తికమక, అకారణమైన చిరాకు నాడీసంధుల దగ్గర నిజంగా కొరత మొదలైందనడానికి గుర్తు. ఆ తికమకలో ఉన్నవారు తమకేమీ కాలేదని వాదిస్తారు కూడా. పక్కనున్నవారు వాదన పెట్టుకోకుండా, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే వైద్య సహాయం పిలవాలి.

రోజుల తరబడి ఆహారం లేనప్పుడు మెదడు మరో దారి పడుతుంది. జార్జ్ కేహిల్ బృందం 1967లో ప్రకటించిన పరిశీలనల ప్రకారం, వారాల పాటు ఉపవాసం ఉన్నవారిలో మెదడు తన అవసరంలో సగానికి పైగా కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే కీటోన్లతో తీర్చుకుంటుంది. ఏకాదశి నాడు ఒక పూట మానేస్తే ఈ స్థితి రాదు, ఆ ఒక్కరోజుకు కాలేయంలోని గ్లైకోజెన్ చాలావరకు సరిపోతుంది.

ఈ రెండో దారి కొందరు పిల్లలకు నిజంగా ప్రాణాధారం. రక్తం నుంచి మెదడులోకి గ్లూకోజ్‌ను దాటించే గ్లట్-1 అనే ప్రోటీన్ కేశనాళికల గోడల్లోనూ ఆస్ట్రోసైట్లలోనూ ఉంటుంది. పుట్టుకతోనే అది సగం మాత్రమే పనిచేసే పిల్లలను 1991లో డారిల్ డి వివో తొలిసారిగా వర్ణించాడు. నెలల పసికందుకు మూర్ఛలు వస్తాయి, తల ఎదుగుదల మందగిస్తుంది, ముఖ్యంగా పాలు తాగడానికి ముందు ఆకలి వేళ లక్షణాలు ఎక్కువవుతాయి, మామూలు మూర్ఛ మందులు సరిగా పనిచేయవు. వేలి మీద గుచ్చి రక్తంలో చక్కెర చూస్తే మామూలుగానే ఉంటుంది, కాబట్టి అక్కడితో ఆగితే జబ్బు దొరకదు. నడుము దగ్గర సూదితో తీసిన మెదడు ద్రవంలో గ్లూకోజ్‌ను అదే సమయంలో తీసిన రక్తంతో పోల్చాలి. సాధారణంగా అది రక్తంలో ఉన్నదానిలో 60 శాతం దాకా ఉండాలి, ఈ పిల్లల్లో బాగా తగ్గిపోయి ఉంటుంది. చికిత్సగా అన్నం, పప్పు, పండ్లలోని పిండిపదార్థాన్ని దాదాపు తీసేసి, కొవ్వు ప్రధానమైన ఆహారాన్ని వైద్యుల, పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు. కీటోన్లు గ్లట్-1 తలుపు గుండా కాక లాక్టేట్ వెళ్ళే తలుపు గుండానే మెదడులోకి ప్రవేశిస్తాయి కనుక ఈ పిల్లల్లో చాలామందికి మూర్ఛలు తగ్గుతాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఈ సభలో ఉన్న వైద్య విద్యార్థులు రేపు పిల్లల వార్డులో మందులకు లొంగని మూర్ఛలున్న పసికందును చూసినప్పుడు, రక్తం రిపోర్టు మామూలుగా ఉందని ఫైలు మూసేయకుండా ఆ రెండో పరీక్ష రాయించమని కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.